సరస్వతీపుత్రుని సంచారము

అనంతపురము జిల్లాలో జ్యేష్ఠము గడచి ఆషాఢము ప్రవేశించునప్పటికి రైతు చూపు పడమటి దిక్కుననే నిలిచియుండును. అరేబియా సముద్రము నుండి బయలుదేరిన మేఘములు పడమటి కనుమల మీదనే తమ భారమును చాలవఱకు దించుకొని, తేలికపడి, ఈ పీఠభూమి మీదుగా తూర్పునకు సాగిపోవును. ఆశ్వయుజ కార్తికములలో బంగాళాఖాతము నుండి వచ్చు వానలును నెల్లూరు, కడప సీమలు దాటి యిక్కడికి చేరునప్పటికి అలసిపోవును. ఏడాది పొడుగున కురియునది సగటున 55 సెంటీమీటర్లు. ఆ కొద్దిపాటి వానయు అదను తప్పి వచ్చిన యేడు వేరుసెనగ చేను ఊడలు దిగకమున్నే వాడిపోవును. ఇంటికి తాళము వేసి, మూటాముల్లె నెత్తిన పెట్టుకొని, బెంగుళూరు దారి పట్టిన కుటుంబములను ఈ జిల్లా ఎన్ని మారులు చూచినదో లెక్కలేదు.

ఇట్టి నేలలో పుట్టినవానికి ఎక్కడికో పోవలెనను తలంపు ఉగ్గుపాలతోనే అలవడును. పొట్టకూటికై పోవువారి సంగతి అందఱును ఎఱిగినదే. పొట్టకూటికి సంబంధములేని దాహముతో పోయినవారును కొందఱున్నారు. పుట్టపర్తి నారాయణాచార్యులు అట్టివారు. దేవుని వెదకుచు పోయిరి, భాషలను వెదకుచు పోయిరి, నచ్చిన భావములను వెదకుచు ఒక తీరము నుండి మఱియొక తీరమునకు పోయిరి. పోయిన ప్రతిమారును తిరిగి వచ్చిరి. వారి జీవితమున విశేషమంతయు ఆ తిరిగి వచ్చుటలోనే యున్నది.

నారాయణాచార్యులు 1914 మార్చి 28వ తేదీన అనంతపురమునకు సమీపముననున్న చియ్యేడు గ్రామమున జన్మించిరి. తండ్రి శ్రీనివాసాచార్యులు, తల్లి కొండమ్మ. ఇరువురును చదువుకొన్నవారే. వంశము తిరుమల తాతాచార్యులది. విజయనగర ప్రభువులకు గురుస్థానమున నిలిచిన శ్రీవైష్ణవ కుటుంబము. పూర్వులు కొంతకాలము చిత్రావతి యొడ్డునగల పుట్టపర్తిలో నివసించుటచే ఆ యూరి పేరే ఇంటిపేరుగా నిలిచినది. నేడు పుట్టపర్తి యనగనే లోకమునకు సత్యసాయిబాబా జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని తెలుగు పండితుల గోష్ఠిలో పుట్టపర్తివారు అనిన మాట వినబడినచో అది ఊరిని గూర్చినది కాదు, ఈ కవిని గూర్చినదని వేఱుగా చెప్పనక్కఱలేదు.

బాల్యముననే తల్లి గతించినది. బాలుడు పెరిగినది పెనుగొండలో. ఆ యూరిని గూర్చి కొంత చెప్పక ఈ కథ ముందునకు సాగదు. 1565లో రాక్షస తంగడి యుద్ధమున అళియ రామరాయలు కూలిన పిమ్మట తిరుమలరాయలు హంపీని విడిచి, సింహాసనమును పెనుగొండకు తరలించెను. కొన్ని దశాబ్దములపాటు ఆ కొండ నీడనే విజయనగర సామ్రాజ్యపు తుది శ్వాస ఆడినది. తరువాత రాజధాని చంద్రగిరికి పోయినది. కోట మాత్రము మిగిలినది. గగనమహలు మిగిలినది. ప్రక్కప్రక్కనే నిలిచిన రామాలయ, శివాలయములు మిగిలినవి. పార్శ్వనాథుని జైనబసది, బాబయ్య దర్గా, కొండమీది బురుజులు, పొదలలో పడియున్న చెక్కుడురాళ్లు మిగిలినవి. నేటి జిల్లాల పటములో పెనుగొండ 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది గాని, నారాయణాచార్యుల బాల్యములో అదియు అనంతపురము సీమయే.

తల్లిలేని పిల్లవానికి ఆ శిథిలములే ఆటస్థలము. పగలంతయు ఎండకు మాడిన రాతిగోడల నడుమ తిరుగాడుచు, తాతముత్తాతలు ఏ రాజుల కొలువులో గురుపీఠమున కూర్చుండిరో ఆ కొలువు ఇప్పుడు గొఱ్ఱెలు మేయు చోటుగా నుండుటను చూచుచు పెరిగిన బాలుని మనస్సు ఎట్టిదగునో ఊహింపవచ్చును. వాడు బండియెక్కి పొరుగూరికైనను పోకమున్నే నాలుగు వందల యేండ్ల వెనుకకు ప్రయాణము చేసెను. తొలి సంచారము దేశమున కాదు, కాలమున.

ఆ ప్రయాణపు ఫలమే పెనుగొండలక్ష్మి. పన్నెండు పద్నాలుగేండ్ల ప్రాయమున ఒక బాలుడు పద్యములలో ఒక రాజధాని యొక్క అస్తమయమునకు కన్నీరు విడిచెను. ఆ వయస్సు పిల్లలు పద్యము అప్పజెప్పుటకే తడబడుదురని ఉపాధ్యాయులకు తెలియును. ఇందు పిన్నవాని వ్రాతయని క్షమింపవలసిన తావులు లేకపోలేదు. అలంకారము మీద మోజు, పెద్దల ధోరణిని పట్టుకొనవలెనను ఆత్రము కనబడును. అయినను ఆ దుఃఖము అరువు తెచ్చుకొన్నది కాదు. చేతితో తడిమి చూచిన రాళ్లను గూర్చి వ్రాసినవాని దుఃఖమది.

పెనుగొండలోనే ఆ బాలునికి మఱి రెండు విద్యలు అబ్బినవి. ఒకటి సంగీత నాట్యములు. శ్రీవైష్ణవాచార్యుల యింటి పిల్లవాడు కాలికి గజ్జె కట్టుట ఆ దినములలో మెచ్చుకొనదగిన సంగతి కాదు. అయినను ఆతడు తాళమునకు అడుగు వేయుట నేర్చెను. నాటకములలో స్త్రీ పాత్రలును ధరించెను. ఈ నేర్పు వృథా పోలేదు, కొన్ని యేండ్ల తరువాత తెలుగు కవిత్వమునకే అక్కఱకు వచ్చినది. రెండవది ఆంగ్లము. అప్పుడు పెనుగొండలో నుండిన పిట్ దొరసాని యీ చురుకైన బాలుని చేరదీసి షేక్స్పియరును, బ్రౌనింగును చదివించెను. ఒకవైపు తండ్రి చెప్పిన భారత భాగవతములు, మఱియొకవైపు దొరసాని చెప్పిన ఆంగ్ల నాటకములు, నడుమ గజ్జెల చప్పుడు! ఏ పాఠశాల ప్రణాళికలోను ఇట్టి కలయిక ఎవరును వ్రాసిపెట్టరు.

సంస్కృతము చదువుటకై యువకుడు తిరుపతికి చేరెను. కళాశాలలో ప్రవేశము తేలికగా దొరకలేదు. చేర్చుకొనుటకు వీలులేదని చెప్పినప్పుడు ఆతడు తన నిరాశను అప్పటికప్పుడు సంస్కృత శ్లోకములుగా అల్లి వినిపించెననియు, అవి విని అధ్యక్షులు మనసు మార్చుకొనిరనియు చెప్పుదురు. అర్హత పత్రములు లేనివానికి కవిత్వమే అర్హత పత్రమైన ఘట్టమిది. తిరుపతిలో వ్యాకరణ సాహిత్యములతోపాటు ప్రాకృత భాషల మీదను ఆయనకు ప్రీతి కుదిరినది.

ఆ తరువాతి ముచ్చట తెలుగు పండితులు తరతరములుగా చెప్పుకొని నవ్వుకొనునది. మద్రాసు విశ్వవిద్యాలయపు విద్వాన్ పరీక్షకు నారాయణాచార్యులు కూర్చుండిరి. పాఠ్యగ్రంథములలో ఒకటి పెనుగొండలక్ష్మి. పరీక్షాధికారులకు ఆ గ్రంథకర్త యెవరో ముసలి పండితుడై యుండునను ఊహ తప్ప, ఆతడే జవాబు కాగితముల ముందు కూర్చున్న విద్యార్థియని తెలియదు. తన కావ్యము మీద అడిగిన ప్రశ్నకే ఆయన కాలమంతయు వెచ్చించి వ్రాయగా, తక్కిన ప్రశ్నలకు సమయము చాలక ఆ యేడు తప్పిరని ప్రసిద్ధి. ఈ కథను విద్యార్థులు ఒక విధముగాను, ఉపాధ్యాయులు మఱియొక విధముగాను వినుట సహజము. పసితనమున వ్రాసినదానిని గూర్చి చెప్పవలసినది ఇంకను ఎంతో యున్నట్లు ఆయనకు తోచుటయే యిందు గమనింపదగిన అంశము. పెనుగొండ శిథిలములు ఆ కవి మనస్సులో ఇంకను చల్లారలేదు. తరువాతి కాలమున వ్రాసిన రాయలనాటి రసికతా జీవనము అను గ్రంథమును ఆ ఋణమును తీర్చుటకే వ్రాసిరని అనుకొనవచ్చును.

చదువు ముగిసిన పిమ్మట జీవనోపాధి ఆయనను పెన్న యొడ్డునకు తెచ్చినది. నందికొండలలో పుట్టిన పెన్న అనంతపురము సీమను దాటి, గండికోట దరిదాపుల చిత్రావతిని కలుపుకొని, ప్రొద్దుటూరు ప్రక్కగా సాగిపోవును. ఏడాదిలో అధిక భాగము అందు నీటికన్న ఇసుకయే యెక్కువ. బంగారమునకు, బట్టలకు పేరుపడిన ఆ వ్యాపారపు పట్టణమున నారాయణాచార్యులు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులైరి. ఆ దినములలో తెలుగు పండితుని జీతము ఎంత, గౌరవము ఎంత అనునది ఆ వృత్తిలోనివారికి విన్నవింప నవసరము లేదు.

ప్రొద్దుటూరిలో అగస్త్యేశ్వరాలయము కలదు. బడి ముగిసిన పిమ్మట ఆ గుడి చుట్టును ప్రదక్షిణములు చేయుచు శివతాండవమును రూపొందించిరని చెప్పుదురు. ఆ కావ్యము చిన్నది. ఒక గంటలోపుననే చదివి ముగింపవచ్చును. కాని నారాయణాచార్యుల పేరు తెలుగు నేలపై ఈనాటికిని నిలిచియున్నదనిన అది ప్రధానముగా ఆ చిన్న పుస్తకము వలననే. నూటికిపైగా గ్రంథములు వ్రాసిన కవికి ఇది కొంత అన్యాయమే. అయినను లోకము తన కిష్టమైనదానినే పట్టుకొనును.

శివతాండవము చేసిన పని యేమి? నాట్యమును వర్ణించిన కవులు పూర్వమును కలరు. వారు ప్రేక్షకుల వరుసలో కూర్చుండి వర్ణించిరి. నారాయణాచార్యులకు రంగము మీది అడుగు తెలియును. ఏ జతికి పాదము ఎట్లు పడునో, ఏ చోట ఊపిరి బిగబట్టవలెనో, ఏ చోట విడువవలెనో ఆయన దేహమునకే తెలియును. అందుచేత ఆయన వృత్తపద్యములను ప్రక్కకు పెట్టి మాత్రాఛందస్సును స్వీకరించిరి. పంక్తి పొడుగు కుదించుచు పెంచుచు, పరుషాక్షరములను ఒకచోట గుమిగూర్చి మఱియొకచోట సరళముల జాలువార్చి, చదువువాని నాలుకయే నర్తించునట్లు చేసిరి. అర్థము తెలియని పిల్లలు సయితము దానిని పెద్దగా చదివినప్పుడు కాలు కదపక నిలువలేరు. శివుని ఉద్ధత నృత్యము ముగిసిన పిమ్మట పార్వతి లాస్యము వచ్చును. అక్కడ మాటల నడక పూర్తిగా మారిపోవును. ఒకే చేతి వ్రాత అని నమ్ముట కష్టము. రంగస్థలముల మీద నర్తకులు దీనిని అభినయించుచున్నారనిన ఆశ్చర్యమేమి? అది మొదటినుండియు కాళ్లకై వ్రాసిన కవిత్వము.

మఱియొక విశేషము. విష్ణువు తప్ప అన్యదైవము నెఱుగని వంశమున పుట్టినవాడు శివుని గూర్చి తన జీవితమున కెల్ల గొప్పదైన కావ్యమును వ్రాయుట చిన్న మార్పు కాదు. ఆ కావ్యములోనే శివకేశవుల భేదము కరగిపోవును. పెనుగొండలో రాముని గుడియు శివుని గుడియు గోడకు గోడగా నిలిచియుండుటను చూచుచు పెరిగిన బాలునికి ఆ యభేదము శాస్త్రములలో వెదకవలసిన పని లేకపోయినది కాబోలు.

ఇంతలో దేశమున గాలి మారినది. స్వాతంత్ర్య పోరాటము, యుద్ధము, కఱవు, కార్మిక కర్షకుల యుద్యమములు, వీని నడుమ తెలుగు కవులలో అనేకులు అభ్యుదయ భావములవైపు తిరిగిరి. తాతాచార్యుల వంశీయుడును తిరిగెను. అగ్నివీణ, పురోగమనము వంటి కావ్యములు ఆ దశకు చెందినవి. ఆ దశలోని వానిలో పదికాలములు నిలువదగినది మేఘదూతము. కాళిదాసుని యక్షుడు యజమాని శాపముచే రామగిరిపై విరహమనుభవించుచు మేఘమును బ్రతిమాలుకొనెను. నారాయణాచార్యుల నాయకుడు చెరసాలలోనివాడు. ఆ మార్పు ఒక్కటి చాలును, కథయంతయు క్రొత్తదగుటకు. అలకాపురి సౌధములకు బదులు మేఘము తెలుగు నేల మీదుగా సాగును.

కాళిదాసు మేఘమును ఎందఱో అనుకరించిరి. అయితే మేఘమును గూర్చి వ్రాయుటకు అనంతపురము సీమలో పుట్టినవానికి ఉన్న హక్కు మఱియొకరికి లేదు. మాళవదేశమున మేఘము శృంగారోద్దీపకము. ఇక్కడ అది ప్రాణము. ఆకసమున పోవు ప్రతి మేఘమును ఇక్కడివారు బ్రతిమాలుకొనుచునే యుందురు. చెరలోని ఖైదీకిని, బీడుగట్టిన చేనిగట్టుపై నిలిచిన రైతునకును ఆ విషయమున భేదము కొంచెమే.

కాని ఆ తీరమునను నారాయణాచార్యులు నిలువలేదు. ఒకప్పుడు వీరావేశముతో నడచిన దారి మఱియొకప్పుడు ఆయనకు చాలదయ్యెను. ఆయన భావములు స్థిరములు కావని విమర్శించినవారు కలరు. విమర్శ పూర్తిగా త్రోసివేయదగినది కాదు. అయితే ఆయన లాభమునకై మారినట్లు ఎక్కడను కనబడదు. ప్రతి మార్పు వెనుకను ఒకే అసంతృప్తి యున్నది. వ్రాయుచున్నారు, జనులు మెచ్చుచున్నారు. కాని తాను వర్ణించినదానిని తాను చూచెనా? శివుడు ఆడుచుండగా చూచినట్లు వ్రాసినవానికి శివుడు కనబడెనా? ఈ ప్రశ్న పుట్టిన కవికి సభలలో వేసిన పూలదండలు ముండ్లవలె తోచును.

ఆ వేదన భరింపలేక ఆయన ఇల్లు విడిచి హిమాలయములకు బయలుదేరిరి. చేతిలో ధనము లేదు, తిరిగి వచ్చు సంకల్పము లేదు. దక్కనులోని ఎఱ్ఱనేలల నుండి గంగాతీరమునకు ఎంత దూరము! నీరులేని పెన్నను చూచుచు పెరిగినవాని కన్నులకు ఋషీకేశమున గంగ యెట్లు కనబడినదో ఆయన మనస్సునకే తెలియవలెను. అక్కడ స్వామి శివానందుల ఆశ్రమమునకు చేరిరి. శివానందులు పూర్వాశ్రమమున మలయాలో వైద్యము చేసి, సర్వమును విడిచి వచ్చిన తమిళ సన్న్యాసి. వచ్చినవాని పాండిత్యమును, కవితను ఎఱిగి వారు ఆయనకు సరస్వతీపుత్ర బిరుదము నిచ్చిరి.

ఈ ఘట్టమును బిరుద ప్రదానమని చెప్పి ఊరకుండుట ఆచారము. కాని ఆలోచింపవలసినది కలదు. సర్వమును వదలుకొనవచ్చినవానికి కాషాయము దొరకలేదు. ఒక పేరు దొరకినది. ఆ పేరు ఆయన దేనిని వదలి పారిపోవచ్చెనో దానికే ఆయనను కట్టివేయునది. సరస్వతికి పుత్రుడు అని పిలిచిన తరువాత అక్షరమును విడిచి ఎక్కడికి పోగలడు? ముక్తి కోరి పోయినవాడు వ్రాతపనిని మోసికొని ఇంటికి వచ్చెను. నాటినుండి ఆ పేరు ఆయనను విడువలేదు. తెలుగు నాట సరస్వతీపుత్రుడనిన నారాయణాచార్యులే.

తిరిగి వచ్చినవాని కథను మనము సంతోషముతో చెప్పుకొందుము. ఆయన తిరుగుచున్నంత కాలము ఇంట దీపము వెలిగించినవారి కథ వెనుకబడిపోవును. భార్య కనకమ్మగారు చదువుకొన్నది, తానును కవయిత్రి. భర్త భాషలకొఱకు, దేవునికొఱకు దేశములు తిరుగుచుండగా బియ్యపు డబ్బాలో గింజలు లెక్కపెట్టి పిల్లలను పెంచిన బరువు ఆమెది. ఆమె కలము నుండి రావలసినది ఎంత రాలేదో ఎవరు చెప్పగలరు? నారాయణాచార్యుల సంచారము ఎంత గొప్పదైనను దాని ఖర్చులో సగము ఆమె చెల్లించినదని వ్రాయకుండుట న్యాయము కాదు.

హిమాలయ యాత్ర ముగిసినను దాహము తీరలేదు. ఇప్పుడది భాషల త్రోవ పట్టినది. ఆయనకు పదునాలుగు భాషలలో ప్రవేశమున్నదని ప్రసిద్ధి. తెలుగు, సంస్కృతము, ప్రాకృతము, తమిళము, కన్నడము, మలయాళము, మరాఠీ, హిందీ, ఆంగ్లము ఇందులోనివి. ఈ సంఖ్య విని విద్యార్థులు నోరు తెఱచెదరు. సంఖ్యకన్న ఆ భాషలతో ఆయన చేసిన పని ముఖ్యము. ఒక భాష నేర్చుటయనగా ఆయన దృష్టిలో ఒక దేశమునకు పోయి అచ్చట కొంతకాలము కాపురముండుట.

తిరువనంతపురమున ద్రావిడభాషల నిఘంటు నిర్మాణమునకై ఆయన కొంతకాలము పనిచేసిరి. రాయలసీమ రాతినేలకును, ఏడాదికి ఆరు నెలలు తడిసియుండు ఆ కేరళ భూమికిని ఎంత భేదము! మాట పుట్టువును వెదకు పనిలో మాత్రము ఆ భేదము కనబడదు. నీరు, నేల, చెట్టు, ఇల్లు అను మాటలను త్రవ్వుకొని పోయినచో ఈ భాషలన్నియు ఒకే యింటి బిడ్డలుగా కనబడును. ఆ పరిచయపు ఫలముగా విశ్వనాథ సత్యనారాయణగారి ఏకవీర నవలను ఆయన మలయాళమునకు అనువదించిరి. పరభాష నుండి తెలుగునకు తెచ్చువారు పదుగురున్నచో తెలుగు నుండి పరభాషకు స్వయముగా మోసికొనిపోవువారు ఒకరుండుటయు అరుదు. మధుర నాయకరాజుల కాలపు కథను తెలుగువాడు వ్రాయగా, మఱియొక తెలుగువాడు దానిని మలయాళులకు చెప్పెను.

కొంతకాలము ఢిల్లీలోను ఉండిరి. రాజధాని వారికి సరిపడలేదు. ధర్మానంద కోశాంబి మరాఠీలో వ్రాసిన భగవాన్ బుద్ధ గ్రంథమునకు ఆయన చేసిన తెలుగు అనువాదము కేంద్ర సాహిత్య అకాడమీ ప్రకటించినది. ఈ ఎన్నికలో ఒక పోలిక తోచక మానదు. కోశాంబియు యౌవనమున బుద్ధుని వెదకుచు ఇల్లు విడిచి, నేపాళము, సింహళము, బర్మా తిరిగి, పాలీభాష నేర్చి వచ్చినవాడు. ఒక సంచారి గ్రంథమును మఱియొక సంచారి తెలిగించెను. అట్లే కబీరు వచనములును ఆయన చేతిమీదుగా తెలుగునకు వచ్చినవి. శ్రీవైష్ణవుడు బుద్ధుని, కబీరును ఇంటికి పిలిచి తెచ్చుట! పెనుగొండలో బసదిని, దర్గాను, గుడులను ఒకే నడకలో చుట్టివచ్చిన బాలుడు ఇంకను ఆ పెద్దమనిషిలో తిరుగుచునే యుండెను.

ఆంగ్లమునను ఆయన పద్యములు, నాటకము వ్రాసిరి. పిట్ దొరసానికి అది గురుదక్షిణ యనవచ్చును. అంతకు మించి వాని ప్రభావము పెద్దగా లేదు.

చివఱకు కడప. అక్కడను బడిపంతులే. నారాయణాచార్యుల వద్ద చదువుకొన్నవారు ఆయన పాఠమును గూర్చి చెప్పునప్పుడు వాచకము సంగతి తక్కువగాను, వాచకమును విడిచి ఆయన పోయిన దారుల సంగతి ఎక్కువగాను చెప్పుదురు. పోతన పద్యముతో మొదలైన గంట తులసీదాసు మీదుగా తుకారాము వఱకు పోయి, గంట మ్రోగినప్పుడు ఏ అభంగము నడుమనో నిలిచిపోయినచో అందు వింతలేదు. పరీక్షాధికారులకు అది పాఠము కాదు. తాను విద్వాన్ పరీక్షలో చేసిన తప్పునే ఆయన జీవితమంతయు తరగతిలోను చేయుచుండిరి.

వార్ధకమున ఆయన కలము రామాయణమువైపు తిరిగినది. జనప్రియ రామాయణము అను పేరులోనే ఉద్దేశము తెలియుచున్నది. పండితులకై ప్రౌఢ కావ్యములు వ్రాయగలిగినవాడు, పాండురంగ మాహాత్మ్యము వంటి ప్రబంధ రీతిలో చేయి తిరిగినవాడు, ఇప్పుడు జనులు పాడుకొనదగిన మాత్రల నడకను ఎన్నుకొనెను. ఒకనాడు శివుని పాదమునకు కట్టిన గజ్జెను ఈనాడు కొంత నెమ్మదిగా మ్రోగించెను. అభ్యుదయ దశలో జనులకై వ్రాయవలెనని పట్టిన పట్టు భక్తి దశలోను సడలలేదు. వెనుక విడిచి వచ్చితిననుకొన్న తీరమునుండి ఆయన తెచ్చుకొన్న సామగ్రి యిది. శివతాండవమునకు అలవాటుపడిన చెవులకు ఇందలి ప్రశాంతత మొదట చప్పగా తోచవచ్చును. నాలుగు పుటలు బిగ్గఱగా చదివినచో ఆ తలంపు పోవును.

గౌరవములు ఆలస్యముగానైనను వచ్చినవి. 1972లో భారత ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చెను. 1979లో జనప్రియ రామాయణమునకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. విశ్వవిద్యాలయములు డాక్టరేటు లిచ్చినవి. వానిలో అనంతపురపు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము ఒకటి. చియ్యేడు బిడ్డను చియ్యేడు సీమయే, అదియు తాతముత్తాతల కొలువు ప్రభువు పేరు ధరించిన విద్యాలయమే గౌరవించుట ఆయనకు తక్కిన సన్మానములకన్న ఎక్కువ యిష్టమైనదో కాదో గాని, పెనుగొండలక్ష్మిని చదివినవారికి మాత్రము తృప్తి కలిగించును.

1990 సెప్టెంబరు 1వ తేదీన నారాయణాచార్యులు కడపలో కన్నుమూసిరి. అప్పటికి డెబ్బదియాఱేండ్లు నిండినవి. ఋషీకేశమునకు, ఢిల్లీకి, తిరువనంతపురమునకు పోయివచ్చిన ఆ జీవితము, పక్షి యెగిరిన దారిని కొలిచినచో, పుట్టిన ఊరికి 150 కిలోమీటర్ల లోపుననే ముగిసినది. ప్రొద్దుటూరి వారు తమ పట్టణమున ఆయన విగ్రహమును నిలుపుకొన్నారు. అక్కడికి కొద్ది దూరముననే పెన్న ఇసుక. ఎగువ అనంతపురము సీమలో వాన కురిసిన యేడు మాత్రము దానిపై నీరు కదలును.